నిండు కొలిమి

దీపం పెట్టడానికి వంగిన కొమురవ్వకు కొలిమి కడుపు చీలి కనిపించింది.

చేతిలోని నూనె గురిగి ఒరిగి పాదం మీద కారింది. ఆమె చూసుకోలేదు. నిన్న పొద్దున మెట్‌పల్లి అంగడికి పోయేముందు ఇదే కొలిమికి మొక్కి పోయింది. అప్పుడు నడుమెత్తున, కాగు బోర్లించినట్టు నిండుగా నిలబడి ఉంది. ఇప్పుడు ముందువైపు మట్టిగోడ లేదు. లోపలంతా నల్లగా, బోలుగా ఉంది. చెయ్యి పెట్టి తడిమింది. బొగ్గుపొడి తప్ప వేళ్లకు ఏమీ తగల్లేదు.

"ఓ మమ్మాయి తల్లీ!" అని కొలిమి దేవతను తలచుకుని అరవబోయి, నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇల్లు కూతవేటు దూరమే. లోపల బాపు జ్వరంతో పడుకుని ఉన్నాడు. వింటే ఇంకేమన్నా ఉందా?

కొమురవ్వ ఏడుస్తూ కూర్చునే మనిషి కాదు. లేచి చుట్టూ చూసింది.

కొలిమి వెనక చిట్టెం గుట్ట ఉంది. ఇనుము తీయగా మిగిలిన నల్లరాళ్లు, తాత ముత్తాతల కాలం నుంచి, రాయి కరిగించి ఇనుపముద్ద తీసే ముద్దకమ్మర్లు పోసినవి, పేరుకుని గుట్టయ్యాయి. ఆ గుట్టలో సగం ఇప్పటికే కొత్త రోడ్డు కింద పరుచుకుపోయింది. కంకర కోసం కాంట్రాక్టరు మనుషులు తవ్వుతుంటేనే పోయిన ఎండాకాలం ఈ కొలిమి బయటపడింది. హైదరాబాదు నుంచి జీపులో పాత కట్టడాల అధికారి వచ్చాడు. దాని చుట్టూ తిరిగి, టోపీ తీసి చేత పట్టుకుని, "ఇంత నిండుగా, ఎక్కడా పగలకుండా ఉన్న కొలిమిని నేను ఇంతవరకూ చూడలేదు" అన్నాడు. కంచె వేయిస్తానన్నాడు. బోర్డు పాతిస్తానన్నాడు. ఇక గుట్ట మీద ఒక్క గడ్డపార కూడా పడదన్నాడు.

ఆ రోజు బాపు చేతికర్ర మీద గడ్డం ఆనించి, "ఎవ్వరు ముట్టొద్దా దొరా? ఎన్నటికి?" అని అడిగాడు. "ఎన్నటికీ ముట్టకూడదు తాతా" అన్నాడు అధికారి. బాపు ఉన్నచోటనే కూలబడిపోయాడు. సంతోషం పట్టలేక అనుకుంది కొమురవ్వ.

ఆ అధికారి మళ్లీ వచ్చేది ఎల్లుండి. కొలిమి నిలిస్తేనే గుట్ట నిలుస్తుంది. కొలిమి పగిలిందా, గుట్ట రోడ్డు పాలవుతుంది. ముద్దకమ్మర్లనేవాళ్లు ఈ నేల మీద బతికారని చెప్పడానికి గుప్పెడు చిట్టెం కూడా మిగలదు.

గుట్ట వార నుంచి బండి చక్రాల గాడి కొలిమి దాకా వచ్చి, తిరిగి పోయింది. గాడి పక్కన ఒక గడ్డపార పడి ఉంది. దాని పిడికి ఎర్రగుడ్డ చుట్టి ఉంది.

ఆ ఎర్రగుడ్డ ఎవరిదో కొమురవ్వకు తెలుసు. రోడ్డు కాంట్రాక్టరుకు బండి తోలే చాంద్‌పాషాది. కంచె ఇంకా పడలేదని మొన్న చిట్టెం ఎత్తడానికి వచ్చిన అతని ఎడ్లకు ఆమె అడ్డం నిలబడింది. "జరుగు చిన్నమ్మా, నా కూలి పోతది" అన్నాడతను. "పోతే పోనీ. మా గుట్టను నీ బండికెత్తనియ్య" అంది ఆమె. అతను పగ్గాలు విసురుగా లాగి, "ఎన్నొద్దులు ఆపుతవో నేను సూడనా?" అని బండి తిప్పుకుని పోయాడు.

ఇదిగో, ఆ బండి గాడి. ఇదిగో, ఆ గడ్డపార.

పోబోతూ మరోసారి వెనక్కి చూసింది. పగిలిన మట్టిపెళ్లలు ఒక పక్కకు పోగుపడి ఉన్నాయి. తిత్తుల గాలి లోపలికి పోయే మట్టిగొట్టం చిన్న పగులు కూడా లేకుండా విడిగా పడి ఉంది. చీలిన చోట రెండు వేపమండలు ఉన్నాయి. మేకలకు ఎవరో కొట్టిన మండలు గాలికి కొట్టుకొచ్చాయి కాబోలు అనుకుని, గడ్డపార భుజాన వేసుకుని చావడి దారి పట్టింది.

చావడిలో పోలీసు పటేలు హనుమండ్లు చుట్ట కాలుస్తూ కూర్చున్నాడు. గడ్డపారను అటూ ఇటూ తిప్పి చూసి, కబుర్లు మోసే మాస్కూరి పిలగాణ్ణి పంపి చాంద్‌పాషాను పిలిపించాడు. అతని వెంట ఊరు సగం వచ్చింది. రోడ్డు పని చూసే మేస్త్రీ బుచ్చిరాములు కూడా వచ్చి అరుగు అంచున నిలబడ్డాడు.

"గిది నీదేనారా?"

"నాదే పటేలా."

"కొలిమికాడ ఎందుకున్నది?"

చాంద్‌పాషా చూపు కొమురవ్వ మీదికి పోయి, చప్పున నేలకు వాలింది. బక్కపలుచని పాతికేళ్లవాడు. చెవిలో బీడీ ముక్క.

"మర్సిపోయిన."

"మర్సిపోయినవా? అంటే నువ్వు పోయినట్టే గద! నిన్న ఊరంత అంగడికి పోతె నువ్వెందుకు పోలే?"

"పని ఉండె."

"ఏం పని?"

చాంద్‌పాషా చెవిలోని బీడీ ముక్క తీసి మళ్లీ పెట్టుకున్నాడు.

"కొలిమి నువ్వే పగలగొట్టినవా?"

"నేను పగలగొట్టలే."

"మరెవరు?"

"నన్ను అడుగకుర్రి పటేలా. ఒట్టు పెట్టుకున్న."

గుంపు గొల్లుమంది. "ఒట్టంట! బండి తోలేటోనికి గూడ రహస్యాలు వచ్చినయి" అని ఎవరో వెక్కిరించారు. కొమురవ్వకు నవ్వు రాలేదు. ఆమె కళ్లు బుచ్చిరాములు మీద ఉన్నాయి. తెల్లటి ధోతి, చంకలో గొడుగు. ఏమీ ఎరగనట్టు వేపపుల్ల నములుతున్నాడు.

"ఒట్టు ఎవరు పెట్టిచ్చిండ్లో నాకెర్కే. కొలిమి పోతే గుట్ట ఎవలదైతదో గాళ్లు. ఏం మేస్త్రీ, నిజమేనా?" అంది.

బుచ్చిరాములు పుల్ల తుపుక్కున ఉమ్మాడు. "నోరు జర జాగ్రత కొమురవ్వా. నేనేమన్న పిచ్చోన్నా?"

పటేలు లేచాడు. "ఎల్లుండి దొర వస్తడు. ఆయన ముందట్నే పంచాయితి. ఆయన చెప్తె మెట్‌పల్లి ఠాణాకు తోలిస్త. అందాక గీ పోరడు చావడి అర్రలనే ఉంటడు."

అర్ర తలుపు మూసి గొళ్లెం పెడుతుంటే చాంద్‌పాషా ఒక్కమాట అన్నాడు. "చిన్నమ్మా, నేను గీడ ఉన్నట్టు తాతకు జర చెప్పు."

"నీ సంగతి మా బాపుకెందుకురా?" అని కొమురవ్వ గిర్రున తిరిగింది.

ఇంటికి వచ్చేసరికి ఆమె తండ్రి నాగయ్య మంచం మీద వెల్లకిలా పడుకుని కప్పు వైపు చూస్తున్నాడు. డెబ్బై దాటిన మనిషి. నిన్న సాయంత్రం ఆమె అంగడి నుంచి వచ్చేటప్పటికే ఒళ్లు కాలిపోతోంది. కంబళి మెడదాకా కప్పుకుని చేతులు లోపల పెట్టుకున్నాడు.

"పోయొచ్చినవా?" అన్నాడు.

"పోయొచ్చిన బాపు."

"దీపం పెట్టినవా?"

"ఆఁ."

కప్పు మీది నుంచి చూపు ఆమె వైపు తిప్పాడు. "సూసినవా?"

కొమురవ్వ కడవ దగ్గరికి పోయింది. చెబితే ఈ మనిషి ఈ మంచం మీది నుంచి లేవడు. ఆయన తండ్రి కట్టిన కొలిమి అది. ఏడాదిగా పొద్దున్నే వెళ్లి దాని ముందు కూర్చుని వచ్చేవాడు. కడవలోంచి నీళ్లు ముంచుతూ, మొహం కనబడకుండా అటు తిరిగి, "సూసిన. అంత మంచిగనే ఉన్నది" అంది.

నాగయ్య కళ్లు మూసుకున్నాడు. ముడతలు పడ్డ మొహం సడలింది. ఎన్నాళ్లుగానో ఆమె చూడని నవ్వు పెదవుల మీదికి వచ్చింది.

"గంతే బిడ్డా. నువ్వు కొట్లాడ్తవనుకున్న. మంచిగైంది" అని గొణిగాడు.

జ్వరంలో ఏదో పలవరిస్తున్నాడనుకుంది.

"ఉడుకునీళ్లు కాగబెట్టు. శొంఠి, బెల్లం ఉంటె దంచు" అన్నాడు మళ్లీ.

"ఒళ్లు నొప్పులున్నయా?"

"నాకు గాదు" అని, అంతలోనే, "ఆఁ, నాకే" అన్నాడు.

ఆమె కాచి ఇచ్చిన నీళ్లు తాగలేదు. "ఆడ పెట్టు, నేనే పోస్కుంట. నువ్వు పో, పనిజూస్కో" అని పంపేశాడు. తర్వాత చూస్తే చెంబు ఖాళీగా ఉంది.

మధ్యాహ్నం సుల్తాన్ బీ వచ్చింది. చాంద్‌పాషా తల్లి. చెప్పులు కూడా లేవు. ఆమె నోరు తెరవకముందే కొమురవ్వ బయటికి వచ్చి, తన వెనకే తడిక దగ్గరగా లాగేసింది.

"మెల్లగ మాట్లాడు. మా బాపు పండుకున్నడు."

"మెల్లగ మాట్లాడితె నా కొడుకు వస్తడా కొమురవ్వా?" ఆమె గొంతు నిజంగానే తగ్గించింది. అది అరుపు కంటే ఎక్కువ గుచ్చుకుంది. "పోలీసు యాక్షన్ జమానల నా పెద్దోన్ని గిట్లనే పిలిచిండ్లు. మాట అడిగి పంపుతమన్నరు. తొమ్మిదేండ్లాయె. గా మాట ఇంక అయిపోలే. ఇప్పుడు చిన్నోన్ని గూడ ఠాణాకు పంపుతవా?"

"నీ కొడుకు చేసిన పనేందో ఎర్కేనా నీకు?"

"వాడు చెయ్యలే."

"చెయ్యకుంటె ఎవరు చేసిండ్లో చెప్పుమను."

"చెప్పడు. వాని బాపూ గంతే, మాటిస్తె మాటే." సుల్తాన్ బీ తడిక వైపు చూసింది. "నాగయ్య అన్నను ఒక్కసారి కలువనియ్యి. నా మొగడు బతికున్నప్పుడు ఇద్దరొక్క తీరుగుండేటోళ్లు."

"వద్దు." కొమురవ్వ తడికకు అడ్డం నిలబడింది. "ఆయనకు ఏం ఎర్కలే. ఎర్కైతె పానం పోతది. పో అక్కా, దండం పెడ్త."

సుల్తాన్ బీ పోయింది. వీధి మలుపు దాకా వెనక్కి తిరగలేదు.

ఆ సాయంత్రం కొమురవ్వ నేరుగా రోడ్డు పని దగ్గరికే పోయింది. బుచ్చిరాములు గొడుగు నేలకు గుచ్చి, కంకర పరిచే ఆడవాళ్ల మీద కేకలేస్తున్నాడు. ఆమెను చూసి మొహం చిట్లించాడు.

"మళ్లొచ్చినవా? నేను గిప్పుడే పోయి నీ కొలిమి సూసొచ్చిన."

"చేసినపని ఎట్లున్నదో సూడనీకి పోయినవా?"

"అగో, మళ్ల గదే మాట. ఇను. నాకు కావల్సింది చిట్టెం. కొలిమి కూలగొట్టాల్నంటె మీదికెల్లి రెండు దెబ్బలేస్త, పెంకాసు కుప్పైతది. గిదెవడో కిందికెల్లి, తలుపు తీసినట్టు తీసిండు. మీది భాగం కదల్లే. గొట్టం పగల్లే. గంత భద్రంగ పాడుజేసెటోన్ని నేనింతవరకు సూళ్లే." గొడుగు పీకి చంకన పెట్టుకున్నాడు. "నా మీద అనుమానం పెట్టుకోనికి నీకు హక్కున్నది. కాని జర సోంచాయించు."

కొమురవ్వ సోంచాయించింది. దారంతా అదే ఆలోచన. మేస్త్రీ మాటలు నమ్మాలని లేదు. కానీ ఆ మట్టిగొట్టం కళ్ల ముందు నుంచి పోవడం లేదు.

మర్నాడు చావడి కిటికీ దగ్గరికి పోయింది. చాంద్‌పాషా లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. ముందు ఉన్న జొన్నరొట్టె ముట్టలేదు.

"ఎవరురా నీతోని చేయించింది? పేరు చెప్పు. నేనే పటేలుతోని చెప్పి ఇడిపిస్త."

అతను లేచి కిటికీ దగ్గరికి వచ్చాడు. "తాతకు జరం తగ్గిందా చిన్నమ్మా?"

కొమురవ్వ చేతులు ఊచల మీద బిగుసుకున్నాయి. బాపుకు జ్వరమని ఆమె ఎవరికీ చెప్పలేదు. వైద్యుణ్ణి పిలవలేదు. సుల్తాన్ బీతో కూడా పడుకున్నాడనే చెప్పింది.

"జరమని నీకెట్ల ఎర్క?"

చాంద్‌పాషా నాలుక కరుచుకున్నాడు.

"మా ఇంటికొచ్చినవా? నేను లేనప్పుడు మా ఇంట్ల అడుగు పెట్టినవా? ముసలోన్ని ఏం చేసినవురా? బెదిరించినవా?"

"నీ కాల్మొక్త చిన్నమ్మా. తాతనే అడుగు. నేను గీడ ఉన్నట్టు చెప్పినవా ఆయనకు?"

"చెప్పలే. చెప్ప."

అతని మొహంలో ఏదో ఆరిపోయింది. "గందుకే రాలే" అన్నాడు తనలో తాను. పోయి మళ్లీ గోడకు ఆనుకున్నాడు.

కొమురవ్వ పరుగులాంటి నడకతో ఇంటికి వచ్చింది. బాపును బెదిరించి ఉంటారు. నోరు మెదిపితే చంపుతామన్నారేమో. అందుకే జ్వరం. అందుకే ఆ పలవరింత. తడిక తోసి లోపలికి వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది. లోపలి అర్రలోంచి చిన్నగా గొణుగుడు వినిపిస్తోంది.

అర్ర గుమ్మానికి వేపమండలు దోపి ఉన్నాయి.

ఆమె ఆగిపోయింది. ఈ ఇంట్లో గుమ్మానికి వేపమండలు చివరిసారి కట్టింది తన కొడుకు పుట్టినప్పుడు. వాడు దక్కలేదు. ఇప్పుడు ఈ ఇంట్లో కన్నవాళ్లెవరు?

లోపల నాగయ్య గొంతుకు కూర్చుని ఉన్నాడు. ముందు చాట. చాటలో వడ్లు. వడ్ల మీద, కొమురవ్వ చనిపోయిన తల్లి పాత చీరముక్కలో చుట్టి, పొత్తిగుడ్డల్లో బిడ్డను పెట్టినట్టు ఏదో ఉంది. నాగయ్య చెంబులోంచి ఉడుకునీళ్లు చేతిలోకి వంచుకుని దాని మీద చిలకరిస్తున్నాడు. గుడ్డ తొలిగిన చోట నల్లగా, గరుకుగా, పుట్టగొడుగుల్లాంటి బొడిపెలతో ఇనుపముద్ద కనిపించింది.

కంబళి లేదు. అతని అరచేతులు రెండూ బొబ్బలెక్కి పగిలి ఉన్నాయి. గోళ్లలో బొగ్గు.

కొమురవ్వ గుమ్మంలోనే కూర్చుంది. గాడి, గడ్డపార, మేకల మండలు, ఖాళీ చెంబు. అన్నీ ఒక్కొక్కటే వచ్చి తమ చోట్లలో కూర్చున్నాయి. ఇప్పుడు చెప్పకుండా ఉండిపోవచ్చు. తలుపు మూసేయవచ్చు. రేపు జీపు వస్తుంది, చాంద్‌పాషాను ఎక్కించుకుని పోతుంది. బాపు ఈ ముద్దకు నీళ్లు పోసుకుంటూ ఇక్కడే ఉంటాడు. ఆమెకు ఆ ఆలోచన వచ్చింది. వచ్చి, కాసేపు పోలేదు కూడా.

తర్వాత సుల్తాన్ బీ కాళ్లు గుర్తొచ్చాయి. దుమ్ములో, చెప్పుల్లేకుండా.

"బాపు" అంది. "చాంద్‌పాషాను చావడిల పెట్టి గొళ్లెమేసిండ్లు."

నాగయ్య చెయ్యి గాలిలో ఆగింది. "ఎందుకు?"

"కొలిమి వాడే పగలగొట్టిండని. నేనే అన్న. పటేలు ముందట నేనే అన్న."

ముసలాయన చెంబు కింద పెట్టి కూతురి వైపు తిరిగాడు. "అంత మంచిగనే ఉన్నదంటివి గదనే."

"నువ్వు సచ్చిపోతవని అట్లన్న."

"నువ్వు సూసి కూడ ఏమనలేదనుకున్న నేను" అన్నాడు. అంతే. ముద్ద మీద చీరముక్క జాగ్రత్తగా సర్ది, చేతికర్ర కోసం తడుముకున్నాడు. రెండు అడుగులు వేసి పడిపోయాడు. ఆ రోజు అతన్ని లేపి నడిపించడం కొమురవ్వ వల్ల కాలేదు. తనే పటేలు దగ్గరికి పరిగెత్తింది. పటేలు నమ్మలేదు. "పోరని తల్లి ఏడుపుకు కరిగినవు. ముసలోని మీద పెడితె ఎవడు నమ్ముతడు? ఆయన నోటికెల్లి రావాలె" అని చుట్ట వెలిగించుకున్నాడు.

మర్నాడు పొద్దెక్కాక జీపు వచ్చింది. అధికారి దిగి నాలుగడుగులు వేసి నిలబడిపోయాడు. టోపీ తీయలేదు. కంచె కోసం తెచ్చిన రాళ్లు జీపు వెనక నుంచి దించుతున్న కూలీలకు చెయ్యెత్తి ఆపమన్నాడు. పటేలు చాంద్‌పాషాను ముందుకు నెట్టాడు. చేతులకు తాడు కట్టి ఉంది. గుంపు వెనకాల సుల్తాన్ బీ ఒక రాయి మీద కూర్చుంది. బుచ్చిరాములు గుట్టను కళ్లతోనే కొలుస్తున్నాడు.

"పగిలిందానికి కంచె ఎందుకని అడుగుతారు పైవాళ్లు. నేనేం చెప్పను?" అన్నాడు అధికారి. గొంతులో కోపం కంటే అలసట ఎక్కువగా ఉంది. "ఎవరు చేశారీ పని?"

"ఆగుర్రి!"

కొమురవ్వ భుజం మీద ఒక చెయ్యి, కర్ర మీద ఒక చెయ్యి వేసి నాగయ్య వస్తున్నాడు. గుంపు దారి ఇచ్చింది. అతను అధికారి దగ్గరికి పోలేదు. ముందు చాంద్‌పాషా దగ్గరికి పోయి, పగిలిన అరచేతిని అతని తల మీద పెట్టాడు. తర్వాత కొలిమి పక్కన నేల మీద కూర్చుని, చేతులు రెండూ అందరికీ కనబడేట్టు ఒళ్లో తెరిచి పెట్టుకున్నాడు.

"నేనే పగలగొట్టిన దొరా. పోరనికేం సంబంధం లేదు. గడ్డపార ఇచ్చిండు, ముద్దను బండి మీద ఇంటికి తెచ్చిండు. గంతే. ఎవరికి చెప్పనని నా తల మీద చెయ్యి పెట్టిచ్చుకున్న. ఇప్పుడు గా ఒట్టు నేనే తీసేస్తున్న. మా బాపు గీ కొలిమి ముట్టిచ్చిన దినమే గత్తర రోగం తగిలింది. తిత్తులు తొక్కుకుంట తొక్కుకుంట గీన్నే ఒరిగిండు. కొలిమి ముట్టిచ్చినోడు పోతే కొడుకు ముద్ద తియ్యాలె. కొడుకును నేను, సావుమైల పడితి. మైలోడు కొలిమిని ముట్టొద్దు. మైల తీరెటాలకు గత్తర భయానికి ఊరంత అడివి పట్టుకపాయె. మేం తిరిగొచ్చెటాలకు వానకు గుట్ట జారి కొలిమిని పూడ్సింది. మంచిగైందనుకున్న దొరా. కండ్లకు కనవడదనుకున్న. గీ రోడ్డోళ్లు తవ్వి మళ్ల నా ముందట పెట్టిండ్లు. మీరొచ్చి మురిసిండ్రు, నిండుగున్నదని. పనైన కొలిమి నిండుగెందుకుంటది? ప్రతిసారి ముందు గోడ పగలగొట్టి ముద్ద తీస్తం, మళ్ల మట్టి పెడ్తం. నిండుగున్నదంటె నెలలు నిండి కనలేనట్టు. నా చిన్నతనం కెల్లి నేను ముసలోన్నయ్యేదాక గట్లనే ఉన్నది. మీరు కంచె కట్టి, ఎవ్వరు ఎన్నటికి ముట్టొద్దంటిరి. గది నాతోని కాలే. మీ కొలిమి పాడైంది, గుట్ట పోతదేమో, గది నా పాపమే. గుట్ట ఏం జేస్తరో మీ ఇష్టం. ముద్ద మా ఇంట్ల చాట్ల ఉన్నది. కావాల్నంటె తీస్కపోర్రి, కాని ఇంకో రెండొద్దులు చన్నీళ్లు తగలనియ్యకుర్రి. పటేలా, పోరని చేతులిప్పు. గా తాడు నాకు కట్టు. గట్టిగనే కట్టు, నొస్తదని ఫికర్ జేయకు. ఇగ నాకు ఏ నొప్పి లేదు. కొలిమి కన్నది."